విద్యారుణ డిఫాల్ట్, జీతం జప్తు (అమెరికా)

అమెరికాలో కాలేజీ చదువుకు ప్రభుత్వం దగ్గర తీసుకున్న అప్పు కట్టడం మానేస్తే, ఆ బాకీని ప్రభుత్వం నేరుగా జీతంలోంచి కోసుకోవచ్చు. అందుకు కోర్టుకు వెళ్లనక్కరలేదు. క్రెడిట్ కార్డు బాకీ రాబట్టాలన్నా, ఆసుపత్రి బిల్లు వసూలు చేయాలన్నా అప్పిచ్చినవాడు ముందు దావా వేసి గెలవాలి. ఫెడరల్ విద్యాశాఖకు మాత్రం ఒక ఉత్తరం చాలు. ఉత్తరం మీది తేదీ నుంచి 30 రోజులు గడువు. ఆ గడువులోగా చేసే పనికి ఉన్న బలం, గడువు దాటాక అదే పని చేస్తే ఉండదు. జీతం జప్తు వ్యవహారమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

2025 వసంతంలో విద్యాశాఖ చెప్పిన లెక్క ప్రకారం 4 కోట్ల 27 లక్షల మంది కలిసి ప్రభుత్వానికి 1.6 లక్షల కోట్ల డాలర్లకు పైగా విద్యారుణం బాకీ ఉన్నారు. వారిలో 50 లక్షల మందికి పైగా డిఫాల్ట్‌లో ఉన్నారు. లక్షల డాలర్ల అప్పున్న డాక్టర్లు, లాయర్లే ఇందులో ఎక్కువని అనుకుంటారు గానీ, డిఫాల్ట్‌లో పడేవాళ్లు తరచు చిన్న అప్పులవాళ్లే. ఒకటి రెండు సెమిస్టర్లు చదివి డిగ్రీ పూర్తికాకుండానే మానేసినవాళ్లు, లాభాపేక్షతో నడిచే కాలేజీల్లో చేరి పనికిరాని సర్టిఫికెట్‌తో బయటపడ్డవాళ్లు. అప్పు మిగిలింది, దాన్ని తీర్చే ఉద్యోగం మాత్రం రాలేదు.

చట్టం బిగిసిన తీరు

సోవియట్ యూనియన్ 1957లో స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో కంగారు పడ్డ అమెరికా, మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యాచట్టం చేసి విద్యార్థులకు ఫెడరల్ అప్పులు మొదలుపెట్టింది. అసలు పునాది మాత్రం 1965 నాటి ఉన్నత విద్యాచట్టం. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ ఏడాది నవంబరు 8న, తాను చదువుకున్న టెక్సస్‌లోని శాన్ మార్కోస్ కాలేజీలోనే దానిమీద సంతకం చేశాడు. ఆ పద్ధతిలో అప్పు ఇచ్చేది బ్యాంకు, హామీ ప్రభుత్వానిది. విద్యార్థి కట్టకపోయినా బ్యాంకుకు నష్టం లేదు కాబట్టి ఎవరికి ఇస్తున్నామన్న విచారణ పెద్దగా ఉండేది కాదు. 1980లలో వీధికొకటిగా వెలిసిన వృత్తివిద్యా స్కూళ్లు దీన్ని బాగా వాడుకున్నాయి. 1990 ఆర్థిక సంవత్సరంలో వాయిదాలు మొదలైనవారిలో 22.4 శాతం మంది రెండేళ్లు తిరక్కుండానే డిఫాల్ట్ అయ్యారు.

దాంతో కాంగ్రెస్‌కు కోపం వచ్చింది. 1991లో చేసిన చట్టాలు రెండు పనులు చేశాయి. ఒకటి, ఫెడరల్ విద్యారుణాలకు కాలదోషం అన్నదే లేకుండా చేశాయి. అప్పు ముప్పై ఏళ్ల నాటిదైనా వసూలు చేయవచ్చు. రెండు, కోర్టు తీర్పు లేకుండా జీతంలో 10 శాతం పట్టుకునే అధికారాన్ని ఇచ్చాయి. 1996లో వచ్చిన బాకీల వసూలు చట్టం అన్ని ఫెడరల్ సంస్థలకూ 15 శాతం వరకు కోసుకునే వీలు కల్పించింది. 2006 నుంచి ఉన్నత విద్యాచట్టంలోని పరిమితి కూడా 15 శాతానికి చేరింది.

మరోవైపు దివాలా తలుపూ మెల్లగా మూసుకుపోయింది. వాయిదాలు మొదలై అయిదేళ్లు నిండని విద్యారుణం దివాలాలో రద్దు కాదని 1976లో నియమం పెట్టారు. 1990లో ఆ అయిదు ఏడయింది, 1998లో గడువే లేకుండా పోయింది, 2005లో ప్రైవేటు విద్యారుణాలను కూడా అందులో చేర్చారు. అదే ఏడాది డిసెంబరులో లాక్‌హార్ట్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: పదేళ్లు దాటిన విద్యారుణానికి కూడా ముసలివాళ్ల సోషల్ సెక్యూరిటీ పింఛనులోంచి కోత పెట్టవచ్చు. జేమ్స్ లాక్‌హార్ట్ పింఛనుదారు. అప్పు చేసింది 1980లలో. 2010 జులై నుంచి బ్యాంకుల పాత్ర పోయి ప్రభుత్వమే నేరుగా అప్పిస్తోంది. అంటే అప్పిచ్చేదీ, బాకీ తేల్చేదీ, కోత పెట్టేదీ, ఆ కోత మీద అభ్యంతరం వినేదీ చివరికి ఒక్క శాఖే.

బాకీ నుంచి డిఫాల్ట్ దాకా

వాయిదా తేదీ దాటిన మర్నాటి నుంచే అప్పు బకాయిలో ఉన్నట్టు లెక్క. 90 రోజులు దాటితే సర్వీసర్ క్రెడిట్ బ్యూరోలకు చెబుతుంది. నెల్‌నెట్, మోహెలా లాంటి సర్వీసర్లు బిల్లు పంపి డబ్బు జమచేసుకునే కాంట్రాక్టు కంపెనీలు మాత్రమే, అప్పు వాటిది కాదు. 270 రోజులు కట్టకపోతే అది డిఫాల్ట్. ఇంకో మూడు నెలలకు అటూ ఇటూగా ఖాతా సర్వీసర్ చేతిలోంచి విద్యాశాఖ డిఫాల్ట్ విభాగానికి వెళ్తుంది. ఆ తర్వాత పాత సర్వీసర్‌కు ఎంతసేపు ఫోన్ చేసినా లాభం లేదు.

డిఫాల్ట్ అయిన రోజే వాయిదాల వెసులుబాటు పోతుంది. అసలు, వడ్డీ మొత్తం ఒకేసారి కట్టాలంటారు. వాయిదా వేసుకునే హక్కు, ఆదాయాన్ని బట్టి కట్టే పథకాలు, కొత్తగా ఫెడరల్ సాయం పొందే అర్హత కూడా పోతాయి. ఖజానా శాఖ ద్వారా ట్యాక్స్ రిఫండ్‌ను పట్టుకోవచ్చు. పిల్లలున్న పేద కుటుంబాలు ఏడాదంతా ఎదురుచూసే పన్ను రాయితీ డబ్బు కూడా ఇందులోకే వస్తుంది. దీనికి నోటీసు గడువు 65 రోజులు. భార్యాభర్తలు కలిపి రిటర్ను వేసి, అప్పు ఒక్కరిదే అయితే, రెండోవారు తమ వాటా వెనక్కి అడగడానికి 8379 నంబరు ఫారం ఉంది. సోషల్ సెక్యూరిటీలో కోత 15 శాతం మించకూడదు, నెలకు 750 డాలర్లు మిగల్చాలి. ఆ 750 అంకెను 1996 చట్టం నిర్ణయించింది. ధరలు ఎంత పెరిగినా అది మాత్రం కదల్లేదు.

ఉత్తరం, 30 రోజులు

జీతం జప్తు చేయబోతున్నామన్న నోటీసు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న చివరి చిరునామాకు పోస్టులో వస్తుంది. వస్తుంది అనడం కంటే వెళ్తుంది అనడం సరైన మాట. అప్పు తీసుకున్నప్పుడు అమ్మానాన్నల ఇంట్లో ఉన్నవాళ్లు తర్వాత నాలుగు అపార్ట్‌మెంట్లు మారి ఉంటారు. ఉత్తరం పాత ఇంటి పోస్టుబాక్సులో పడి ఉంటుంది, జీతం కోత మాత్రం పే స్టబ్‌లో కనబడుతుంది. కాబట్టి బాకీ పడ్డవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని డబ్బు కట్టడం కూడా కాదు. ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలోకి వెళ్లి చిరునామా, ఫోను, ఈమెయిలు సరిచేసుకోవాలి.

నోటీసు అందినవారికి హక్కులు మూడు. బాకీకి సంబంధించిన కాగితాలు చూపించమని అడగవచ్చు. తాము కట్టగలిగే కొత్త ఒప్పందం కుదుర్చుకోవచ్చు. హియరింగ్ కోరవచ్చు. హియరింగ్ కోరే ఉత్తరాన్ని 30 రోజుల్లోగా పోస్టు చేస్తే, నిర్ణయం వెలువడే దాకా జీతం ముట్టుకోకూడదు. ఆలస్యంగా అడిగినా హియరింగ్ ఇస్తారు, అయితే ఈలోగా కోత నడుస్తూనే ఉంటుంది. నిర్ణయానికి 60 రోజులకు మించి పడితేనే దాన్ని ఆపాలి. అభ్యంతరం అదే, ఆధారాలు అవే, ఫలితం మాత్రం పోస్టల్ ముద్ర మీది తేదీని బట్టి మారిపోతుంది.

హియరింగ్‌లో నిలిచే వాదనలు కొన్నే. ఈ అప్పు నాది కాదు, మొత్తం తప్పు, కట్టేశాను, దివాలాలో రద్దయింది, కాలేజీ మూతపడింది. ఉద్యోగం నుంచి తీసేయగా మళ్లీ పనిలో చేరి ఏడాది నిండలేదన్నది మరో గట్టి కారణం. చట్టం వీళ్లకు పన్నెండు నెలల ఊపిరి ఇచ్చింది. తనంతట తానే ఉద్యోగం మానేసినవారికి ఇది వర్తించదు. ఇక అందరూ చెప్పేది ఇబ్బంది: ఇంత కోస్తే ఇల్లు గడవదు. దీనికి మాట చాలదు. ఆదాయ వ్యయాల ఫారం నింపి పే స్టబ్‌లు, అద్దె ఒప్పందం, వైద్యం బిల్లులు, కారు వాయిదా రసీదులు జతచేయాలి. ఇలాంటి ఆదాయం, ఇంతే కుటుంబం ఉన్నవాళ్లు తిండికి, బట్టకు, ఇంటికి ఎంత ఖర్చుపెడతారన్నదానికి పన్నుల శాఖ ప్రమాణాలు ఉన్నాయి. అంతకు మించి రాసిన ప్రతి ఖర్చుకూ సంజాయిషీ అడుగుతారు. కాగితాల మీదే తేల్చమనవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు, స్వయంగా వెళ్లవచ్చు. వెళ్తే ప్రయాణం ఖర్చు తమదే. ఇబ్బంది నిజమని తేలితే కోత శాతం తగ్గిస్తారు లేదా కొంతకాలం ఆపుతారు. అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

స్పందన లేకపోతే ఉత్తర్వు నేరుగా కంపెనీ పేరోల్ విభాగానికి వెళ్తుంది. కంపెనీకి కాదనే వీల్లేదు. పట్టుకోకపోతే ఆ డబ్బుకు తనే జవాబుదారీ అవుతుంది. ఈ కోత కారణంగా ఉద్యోగిని తీసేయడం, చేర్చుకోకపోవడం, శిక్షించడం నిషిద్ధం. అయినా తన అప్పు సంగతి ఆఫీసులో తెలిసిపోతుందన్న బెంగతో నోటీసు కవరు విప్పకుండా పక్కన పడేసేవాళ్లుంటారు. అప్పు సంగతి ఆఫీసు దాకా పాకేది అలా పక్కన పడేయడం వల్లే.

కోత లెక్క

కోత మొత్తం జీతం మీద కాదు. పన్నులు, ఆరోగ్య బీమా ప్రీమియం పోగా మిగిలిన దాని మీద. అందులో 15 శాతం, లేదా వారానికి 217.50 డాలర్లు దాటిన సొమ్ము, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, దానికి ముప్పై రెట్లే ఈ 217.50. వారానికి 600 డాలర్లు చేతికొచ్చే మనిషికి 90 పోతాయి. 240 వచ్చేవారికి 15 శాతం 36 అవుతుంది గానీ, హద్దు దాటింది 22.50 మాత్రమే కాబట్టి అంతే పోతుంది. 217.50 లోపు వచ్చేవారి జోలికి వెళ్లకూడదు. పిల్లల పోషణ కోసం ముందే ఉత్తర్వు ఉంటే దానికే మొదటి స్థానం.

ఇప్పుడు ఈ కోతను స్వచ్ఛందంగా కట్టే మొత్తంతో పోల్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఏటా 35,000 డాలర్ల జీతంతో ఒంటరిగా ఉన్న వ్యక్తికి పన్నులు, బీమా పోగా 28,000 మిగిలిందనుకుందాం. జప్తు అయితే నెలకు 350 డాలర్లు పోతాయి. అదే మనిషి ముందుగా ఫోన్ చేసి రీహాబిలిటేషన్ అనే వాయిదాల ఒప్పందం అడిగితే, లెక్క వేరు. 2025 దారిద్ర్య రేఖ ఒక్కరికి 15,650 డాలర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 23,475, ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదాంట్లో 15 శాతాన్ని పన్నెండు నెలలకు పంచితే దాదాపు 144 డాలర్లు. బలవంతంగా 350, అడిగి కట్టుకుంటే 144. ఆదాయం మరీ తక్కువైతే ఈ వాయిదా 5 డాలర్లకు కూడా దిగుతుంది.

బయటపడే దారులు

రీహాబిలిటేషన్ అంటే వరుసగా పది నెలల్లో తొమ్మిది వాయిదాలు వేళకు కట్టడం. పూర్తయితే అప్పు డిఫాల్ట్ నుంచి బయటికొస్తుంది, క్రెడిట్ రిపోర్టులో డిఫాల్ట్ మచ్చ పోతుంది. అంతకు ముందు ఆలస్యమైన వాయిదాల రికార్డు మాత్రం నిలుస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. జీతంలోంచి బలవంతంగా కోసిన డబ్బు ఈ తొమ్మిదిలో లెక్కకు రాదు. కోత మొదలయ్యాక రీహాబిలిటేషన్‌లో చేరితే రెండూ కట్టాలి. అయిదు స్వచ్ఛంద వాయిదాలు పడ్డాకే కోత ఆపుతారు. పై ఉదాహరణలోని మనిషికి అది నెలకు 494 డాలర్లు. కట్టలేనందుకే డిఫాల్ట్ అయిన మనిషిని కొన్ని నెలలపాటు రెండూ కట్టమనడం ఏ తర్కమో ఈ నియమం రాసినవాళ్లే చెప్పాలి. ఈ అవకాశం ఇంతకాలం ఒక్కసారికే పరిమితం. 2025 జులైలో వచ్చిన చట్టం 2027 జులై నుంచి రెండోసారికీ వీలు కల్పించింది.

కన్సాలిడేషన్ త్వరగా అయిపోతుంది. పాత అప్పుల్ని కలిపి కొత్త అప్పుగా మార్చుకుని, ఆదాయాన్ని బట్టి కట్టే పథకంలో చేరడం ఈ పద్ధతి. నెల రెండు నెలల్లో డిఫాల్ట్ నుంచి బయటపడవచ్చు, కానీ పాత మచ్చ రిపోర్టులో ఉండిపోతుంది. జీతం జప్తు ఉత్తర్వు అమల్లోకి వచ్చాక మాత్రం, దాన్ని ఎత్తేసే దాకా ఈ దారి మూసే ఉంటుంది. ముందే కదిలినవాడికి రెండు దారులు, ఆలస్యమైతే ఒకటే.

అప్పు పూర్తిగా కొట్టేసే సందర్భాలూ ఉన్నాయి. శాశ్వత వైకల్యం, మరణం, కాలేజీ మూతపడటం, కాలేజీ మోసం. 2015 ఏప్రిల్‌లో కొరింథియన్ కాలేజెస్ మూతపడింది. ఆ సంస్థలో చదివిన 5,60,000 మంది అప్పులు, మొత్తం 580 కోట్ల డాలర్లు, రద్దు చేస్తున్నట్టు 2022 జూన్‌లో ప్రకటన వచ్చేసరికి ఏడేళ్లు గడిచాయి.

దివాలా పూర్తిగా అసాధ్యం కాదు. 1987 నాటి బ్రన్నర్ కేసులో న్యూయార్క్ ప్రాంత అప్పీళ్ల కోర్టు పెట్టిన పరీక్షలో నెగ్గాలి: ఇప్పుడు కనీస జీవనం సాగదు, ఈ పరిస్థితి మున్ముందూ మారదు, ఇంతకాలం నిజాయతీగా కట్టడానికి ప్రయత్నించాను. మూడూ రుజువు చేయాలి. 2022 నవంబరులో న్యాయశాఖ ఒక ఫారం పెట్టి ఈ విచారణను కాస్త తేలిక చేసింది. దివాలా కేసు దాఖలైన క్షణం నుంచి, అది నడిచినంత కాలం, జీతం కోత ఆగుతుంది.

దివాలా తప్ప ఇవన్నీ ఎవరికీ పైసా ఇవ్వకుండా చేసుకోగలిగే పనులే. అయినా అప్పు మాఫీ చేయిస్తామంటూ ఫోన్ చేసి ముందే ఫీజు గుంజే కంపెనీలకు కొదవలేదు. టెలిమార్కెటింగ్ నియమం ప్రకారం పని కాకముందు ఫీజు తీసుకోవడమే చట్టవిరుద్ధం; ఖాతా పాస్‌వర్డ్ అడిగారంటే ఇక సందేహించనక్కరలేదు.

ప్రైవేటు అప్పులు

బ్యాంకుల దగ్గర, ప్రైవేటు కంపెనీల దగ్గర తీసుకున్న విద్యారుణాల సంగతి వేరు. వీళ్లు దావా వేయాలి, రాష్ట్ర చట్టం ప్రకారం కాలదోషం పట్టకముందే వేయాలి, అప్పు తమదేనని కాగితాలతో నిరూపించాలి. చేతులు మారి మారి వచ్చిన అప్పులకు ఆ కాగితాలు దొరక్క కేసులు వీగిపోయిన సందర్భాలున్నాయి. అయితే సమన్లు అందినా కోర్టుకు వెళ్లనివాళ్ల మీద ఎక్స్‌పార్టీ తీర్పు వస్తుంది. అప్పుడు జీతంలో 25 శాతం దాకా పోవచ్చు. టెక్సస్, పెన్సిల్వేనియా, ఉత్తర కరోలినా, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో మామూలు అప్పులకు జీతం జప్తు చేయనివ్వరు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువారికి ఇది పనికొచ్చే సంగతే, కానీ రెండు హెచ్చరికలతో: జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక ఆ రక్షణ ఉండకపోవచ్చు, ఫెడరల్ అప్పుకు ఈ రాష్ట్ర చట్టాలేవీ అడ్డురావు.

2020 తర్వాత

కోవిడ్ వచ్చాక 2020 మార్చి 13 నుంచి వాయిదాలు, వడ్డీ, కోతలు అన్నీ ఆగాయి. 40 వేల కోట్ల డాలర్ల మాఫీకి బైడెన్ ప్రభుత్వం వేసిన పథకాన్ని 2023 జూన్ 30న సుప్రీంకోర్టు కొట్టేసింది. వాయిదాలు ఆ అక్టోబరులో తిరిగి మొదలయ్యాయి. డిఫాల్ట్ అయినవాళ్లు సులభంగా బయటపడేందుకు పెట్టిన ఫ్రెష్ స్టార్ట్ పథకం 2024 శరత్కాలంలో ముగిసింది. దాని పేరైనా వినకుండానే గడువు దాటిపోయినవాళ్లు చాలామంది. 2025 మే 5న ట్రంప్ ప్రభుత్వం వసూళ్లు మళ్లీ మొదలుపెట్టింది. జీతం జప్తు నోటీసులు 2026 జనవరిలో వెయ్యి మందితో ఆరంభిస్తామని ప్రకటించి, అదే నెలలో కోతలను తాత్కాలికంగా వాయిదా వేసింది. వాయిదా పడింది కోతే, బాకీ కాదు. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

తెలుగు కుటుంబాల విషయం

ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థికి ఫెడరల్ అప్పు రాదు కాబట్టి ఈ కోర్టులేని జప్తు అతనికి తగలదు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు తగులుతుంది, తల్లిదండ్రులకు కూడా. పిల్లల చదువుకు తండ్రి పేరనో తల్లి పేరనో తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పు పూర్తిగా పెద్దలదే. కొడుకు కడతాలే అనుకుంటే, కట్టని రోజు జీతం పోయేది తండ్రిది. ప్రైవేటు లోనుకు బావగారి అబ్బాయి కోసం కోసైనర్‌గా సంతకం పెట్టినవాళ్లకూ ఇదే గతి, కాకపోతే కోర్టు ద్వారా. మొహమాటానికి పెట్టిన సంతకాన్ని మామూలు సంతకం కంటే తక్కువగా చూసే చట్టం ఏదీ లేదు.

ఎఫ్-1 విద్యార్థులు ఎక్కువగా ఇండియా బ్యాంకుల అప్పుతోనే వెళ్తారు. ఇక్కడ తల్లో తండ్రో సహ రుణగ్రహీత. 90 రోజులు కట్టకపోతే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టు ప్రమేయం లేకుండానే దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమిని మాత్రం ఆ చట్టం కింద పట్టుకోలేదు. జీతం విషయంలో భారత చట్టం కాస్త మెత్తన: బ్యాంకు కోర్టు డిక్రీ తెచ్చుకోవాలి, తెచ్చుకున్నా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ఒకే డిక్రీకి కోత 24 నెలలు నడిస్తే, ఆ డిక్రీ కింద ఇక ఆ జీతాన్ని జప్తు చేయలేరు. రిటైరైన ప్రభుత్వోద్యోగి పింఛనుకు ఇదే సెక్షన్ కింద జప్తు నుంచి మినహాయింపు ఉంది.